గుజ్జు పాకే పందిరి

మార్చి 8, ఆదివారం
చర్చిలో అందరూ మోకరించారు. నేనొక్కదాన్నే కుర్చీలో. నాట్లు వేసీ వేసీ కుడి మోకాలిలో గుజ్జు అరిగిపోయింది. ముడిస్తే ప్రాణం పోతుంది.
నా బిడ్డ రూతు పోయాక ఇదే మొదటి ఈస్టర్. దాని సమాధికి నా చేత్తోనే సున్నం వేయాలి. మోకాళ్ల మీద కూర్చుంటేనే అందుతుంది... ఎట్లా?

మార్చి 11
రూతు హైదరాబాద్ ల్యాబు నుంచి వచ్చినప్పుడల్లా నా కాలు ఒళ్లో పెట్టుకునేది.
"అవ్వా, సొరతీగకు పందిరేస్తవు గదా. గట్లనే నానో దారాలతోటి చిన్న పందిరల్లి నీ మోకాల్ల పెడ్త. వెంట్రుక కంటే మస్తు సన్నం. నీ గుజ్జే దానిమీద పాకుతది. పాకినంక పందిరి కరిగిపోతది."
"సొరకాయలు గూడ కాస్తయా?" అన్నాను.
ఎంత నవ్వింది!

మార్చి 15
రూతు చూపించడానికి తెచ్చిన పందిరి ముక్క నా బైబిల్లోనే ఉంది. గోరంత. తెల్లగా. ఊదితే లేచిపోయేట్టు.

మార్చి 29, మట్టల ఆదివారం
ఈస్టర్‌కు ఇంకో వారమే. ఉండబట్టలేదు. ఆ ముక్క మోకాలి మీద పెట్టి గుడ్డ కట్టాను. మా అవ్వ జిల్లేడాకు వేడిచేసి కట్టేది, అట్లనే.

మార్చి 30
విప్పాను. ఏమీ లేదు. చెమటకే కరిగిపోయింది. నా బిడ్డ చేతి పని...
"ఏం పోయిందే?" అంటాడు మా ఆయన. గుడ్డ మళ్లీ దులిపి చూశాను.

ఏప్రిల్ 1
షబానా కరీంనగర్‌లో తన ఇంటికొచ్చి, నన్ను చూడటానికి వచ్చింది. ల్యాబులో రూతు పక్కనే పని. ఏడ్చుకుంటూ చెప్పాను. తిట్టలేదు.
"పైన కడితె ఏం కాదు పెద్దమ్మా. ఆపరేషన్ చేసి లోపల పెట్టాలె. గా ముక్క ఇంకా గట్టిచేయనిది, తడి తగిల్తె ఆగదు. ఫికర్ చెయ్యకు. రూతు అల్లిక మేం ఆపలే. కుందేళ్ల మోకాళ్లల్ల పెట్టి చూస్తున్నం."
"పాకిందా?"
"జర జర, కొద్దికొద్దిగ పాకుతుంది."
"మనుషులకు?"
"ఎప్పుడో తెల్వది పెద్దమ్మా."
"కుందేళ్లదే నసీబు" అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం.

ఏప్రిల్ 5, ఈస్టర్
తెల్లవారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు. వంగి వంగి రూతు సమాధికి పైనంతా నేనే సున్నం వేశాను. కింద జానెడు అందలేదు.
"తే, నేనేస్త" అని మా ఆయన కుంచె అడిగాడు. ఇవ్వలేదు.
ఆ జానెడు అట్లాగే ఉంది, సున్నం లేకుండా. నేను మోకరించగలిగేదాకా ఉండనీ.
కుందేళ్లు గెంతుతున్నాయో లేదో... షబానాను అడగాలి.