అవ్వ రూపాయల దండ

అవ్వ బతికుండగానే ఆమె వెండి రూపాయల దండ అమ్మేసినావు రమేషన్నా. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి కార్డు రాస్తున్నాను. పోస్టుమ్యాన్ చదివితే చదవనీ.

నిన్న పెనుకొండ వ్యాపారి హిందూపురంలో నేను పనిచేసే వెండి షాపుకు పాత వెండి తెచ్చి నా ముందే కుమ్మరించినాడు. అందులో మన దండ. అవ్వ చీర అంచు చించి వేసిన ముడి అట్లే ఉంది. ఎవరు అమ్మినారని అడిగితే నీ పేరే చెప్పి, "ఇంట్లో ఏసుకునేటోళ్లు ఎవరూ లేరంట పాపా" అన్నాడు. ఎవరూ లేరా?

చిన్నప్పుడు మనకు జ్వరమొస్తే అవ్వ ఆ దండ తీసి, చల్లటి రూపాయలను నుదుటి మీద పరిచేది. వాటి మీద రాజు బొమ్మ ఉండేది కదా, "కదలొద్దు నాయనా, రాజు జారి పడతాడు" అనేది. నువ్వు కావాలనే నవ్వి కదిలేవాడివి. అవ్వ మళ్లీ పరిచేది.

మా ఓనరును బతిమాలినాను. "వచ్చే ఆదివారం దాకా కరిగించనులేమ్మా. మీ అన్నే వచ్చి దుడ్లు కట్టి ఇడిపించుకోవల్ల" అన్నాడు.

నాయన మోకాలికి తైలం తెచ్చినావా? దండ యాడుండాదని అవ్వ అడిగితే ఏం చెప్తున్నావు?

శనివారం లోపల దుడ్లు పట్టుకొని షాపుకు రా. వస్తావో రావో గురువారం కల్లా ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే శుక్రవారం నేనే ఇంటికొచ్చి, ఆ దండ ఏమైందో అవ్వకు నీ నోటితోనే చెప్పిస్తాను.

నీలావతి