షెవెల్ పక్క సీటు

రాయిస్,

డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నా. షెడ్డులో నీ షెవెల్ కారు ఏసీకి పెట్టిన వాక్యూమ్ పంపు నేనే ఆపాను. గేజి ముల్లు ఉన్నచోటే ఉంటే గ్యాస్ ఎక్కించు. ఏమాత్రం కదిలినా ఎక్కడో లీకు ఉన్నట్టే, సిలిండర్ ముట్టుకోకు. పోయినసారిలా ఆత్రపడి గ్యాసంతా గాలికి వదిలెయ్యకు.

చెడిపోయిన పాత ఏసీ కంప్రెసర్ పారెయ్యలేదు, గుడ్డ చుట్టి అరలో దాచాను. దాన్ని విప్పేటప్పుడు నీ మొహం చూశాలే. పాత కార్ల షోలో జడ్జీలు మార్కులు తగ్గిస్తారని నీ బెంగ. కొత్త ఏసీ ఒరిజినల్ కాదని ఎవరైనా పెదవి విరిస్తే, ఫీనిక్స్ ఎండలో ఆ నల్ల సీటు మీద కాసేపు కూర్చోమను. నేను కూర్చున్నాను, కళ్లు తిరిగి పడ్డాను. అప్పట్నుంచి ప్రతి షోకీ నువ్వు నీ షెవెల్‌లో ముందు, నేను నా డొక్కు వ్యాన్‌లో వెనక. ఇదేం కాపురం?

పక్క సీటు మీద నీ పానాల పెట్టె తీసేశాను. శనివారం షోకి అక్కడ నేను కూర్చుంటాను.

నడీన్

అన్నట్టు, ఆ సీటు మీదున్నది నా స్వెటర్. నవ్వకు. అక్కడే ఉండనీ.