కోడిపుంజు రెక్క

సెప్టెంబర్ 19, 1983. సోమవారం
జూన్ తర్వాత మళ్ళీ లైబ్రరీలో డ్యూటీకి ఇదే మొదటి రోజు. డెట్రాయిట్ పక్కనున్న మా ట్రాయ్‌లో ఏమీ మారలేదు. మా సూపర్‌వైజర్‌కి నాతో ఏం మాట్లాడాలో తెలియలేదు. బెలూన్ల డిస్‌ప్లే పని అప్పగించింది.

మనిషి బెలూన్‌లో ఎగిరి నవంబర్‌కి రెండు వందల ఏళ్ళట. మనుషుల కంటే ముందు, సరిగ్గా ఇదే తేదీన, ఫ్రాన్స్‌లో ఒక గొర్రెని, బాతుని, కోడిపుంజుని బుట్టలో పెట్టి పంపారు. మూడూ బతికే దిగాయి. పుంజుకి మాత్రం రెక్క విరిగింది. పైగాలి పడలేదన్నారు పండితులు. ఆ బొమ్మ జిరాక్స్ తీసి బోర్డుకి అంటించాను.

సెప్టెంబర్ 24. శనివారం
ప్రేయర్ మీటింగ్. మీటింగ్ నడిపించే విమలకుమారి గారు ఎదురుగా ఒక్క మాట అనరు, అనాల్సినవన్నీ ప్రార్థనలో అంటారు. ఇవాళ కళ్ళు మూసుకుని, ప్రభువా, ఆరో నెలలో విమానమెక్కి బిడ్డను పోగొట్టుకున్న నీ కుమార్తె దెబోరాను క్షమించు, పెద్దల మాట వినే హృదయమివ్వు తండ్రీ అన్నారు. పాపం, ఆవిడ చెప్పకపోతే నా సంగతి దేవుడికి తెలియదు మరి! అందరూ ఆమేన్ అన్నారు. నా పక్కన మా ఆయన అందరికంటే గట్టిగా అన్నారు.

తర్వాత పులిహోర పెట్టారు. తిన్నాను. బాగుంది.

సెప్టెంబర్ 27
ఏడుపు రావడం లేదు. సబ్బులు కొనాలి.

అక్టోబర్ 6
డిస్‌ప్లే కోసం ఇంకో పుస్తకం తెప్పించాను. పుంజు సంగతి ఇందులో వేరేగా ఉంది. ఎగరకముందే గొర్రె తన్నిందట. చూసినవాళ్ళే చెప్పారట. పండితులు మాత్రం ఆకాశాన్ని అనుమానిస్తూ కూర్చున్నారు.

రాత్రి భోజనం దగ్గర ఆయనకి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. కంచంలో అన్నం వదిలేసి లేచిపోయారు.

అక్టోబర్ 9. ఆదివారం
చర్చికి వెళ్ళలేదు. ఆయన కార్ పేపర్ల ఫైల్‌లోంచి ఒక కవర్ తీసి నా ముందు పెట్టారు. న్యూయార్క్‌లో దిగగానే నొప్పులొస్తే నన్ను చేర్చిన హాస్పిటల్ రిపోర్ట్. జులైలోనే వచ్చిందట. నేను విమానమెక్కేనాటికే బిడ్డ పోయి దాదాపు పది రోజులైందని ఉంది. కారణం తెలియదని ఉంది.

డెట్రాయిట్ నుంచి న్యూయార్క్ గంటన్నర. ఆ గంటన్నరని నాలుగు నెలలుగా మోస్తున్నాను. ఇండియాలో చెల్లి పెళ్ళికి వెళ్ళి తీరాలని పట్టుబట్టింది నేనే కాబట్టి.

ఎందుకు దాచారని అడిగాను. పది రోజులు వెనక్కి లెక్కేసుకున్నానన్నారు. ఆ రోజే మేం పెట్టెలు తూచాం. ఇండియా వెళ్ళే ప్రతి ఇంట్లో చేసేదే. పెట్టె పట్టుకుని బాత్రూమ్ స్కేల్ ఎక్కి, అందులోంచి మన బరువు తీసేయడం. కడుపుతో వంగి నంబర్ చూడలేనని పెట్టె నేను పట్టుకున్నాను. ఆయన వంగి నంబర్ చదివారు. రెండు పెట్టెలు. ఇద్దరి బుద్ధీ ఏ గడ్డి మేసిందో.

డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగారట కూడా. బరువెత్తడం వల్ల కాదన్నాడట. ఈయన నమ్మలేదట.

నమ్మకపోతే పోయారు. నన్ను మాత్రం విమానమే కారణమని నమ్మనిచ్చారు. ఆమేన్ కూడా అన్నారు.

కోపం వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. గిన్నెలు కడిగాను.

అక్టోబర్ 10
రిపోర్ట్ సంగతి మీటింగ్‌లో అందరి ముందు చెప్పమన్నాను. చెప్తాలే అన్నారు.

అక్టోబర్ 22
చెప్పలేదు.

నవంబర్ 19. శనివారం
ఈసారి మీటింగ్ మా ఇంట్లో. విమలకుమారి గారు మళ్ళీ నన్ను దేవుడికి అప్పజెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. ఆయన అనలేదు. లేచి నిలబడ్డారు. ఆ పెట్టెలు, అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఏ పెట్టెలు నాయనా అని విమలకుమారి గారు కళ్ళు తెరిచి అడిగారు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

నేను లేచి, టీ ఎవరెవరికి కావాలని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

నవంబర్ 21. సోమవారం
మనిషి ఎగిరి ఇవాళ్టికి రెండు వందల ఏళ్ళు.

పొద్దున ఉత్త చేతులతో బాత్రూమ్ స్కేల్ ఎక్కాను. ఆయన వచ్చారు. పెట్టెలు తూచిన రోజులాగే నంబర్ చూడటానికి వంగారు. లేవలేదు.

నేనూ దిగలేదు.