మామయ్య పేరు పలికాను

అవ్వా, మేమంతా కొలంబోకు క్షేమంగా చేరాము. ఫోన్లో అయితే పక్కన అందరూ వింటారని సిగ్గుపడి ఈ కార్డు రాస్తున్నాను.

ఇంటరు చదివే మా వదినె పిల్లలు హర్షిత, సాత్విక్ తమ తాత, అమ్మమ్మలైన మా అత్తమామలకు సముద్రం చూపిస్తామని పట్టుబట్టి తీసుకొచ్చారు కదా. హైదరాబాదు విమానాశ్రయంలో వాళ్లూ మామయ్యా ముందే దాటిపోయారు. పాస్‌పోర్టు చూసే సారు అత్తమ్మను భర్త పేరు అడిగాడు. ఆమె ఏనాడూ ఆ పేరు పలకలేదు. కొంగు నెత్తిమీదికి లాక్కుని తల వంచుకుంది. సారుకు అనుమానం వచ్చి పక్కన నిలబెట్టాడు. విమానం వెళ్లిపోతుందేమోనని నేను ముందుకు వచ్చాను. కోడలిని, నేను మాత్రం ఎట్లా అంటాను? కళ్లు మూసుకుని "బక్కయ్య" అన్నాను. గట్టిగానే వచ్చింది. అవతలి నుంచి మామయ్య, "ఆఁ అవ్వా, వస్తున్న" అన్నాడు. సారు నవ్వి మమ్మల్ని పంపించాడు.

"అత్తా, నీకు నోరున్నదా?" అని హర్షిత ఒకటే నవ్వు.

విమానంలో అత్తమ్మ నా చేయి వదలలేదు. తప్పయిందని మామయ్యతో అన్నాను.

"తప్పేంది బిడ్డా. ఇంట్ల నన్ను పేరు పెట్టి పిలిచింది కన్న అవ్వ ఒక్కతే. ఆమె పోయినంక మళ్ల ఇయ్యాల్నే విన్న" అన్నాడు.

బర్రె ఈనిందా? అత్తమ్మకు ఇక్కడి కూరలు సహించడం లేదు. మేము వచ్చేసరికి భూపాలపల్లిలో మా ఇంటికి చింతకాయ తొక్కు పంపు. నోరు లేని పిల్లను ఇచ్చామని బాపు దిగులు పడేవాడు. చెల్లె లతతో ఈ కార్డు ఆయనకు గట్టిగా చదివించు.

మీ ఇద్దరి కాళ్లకు మొక్కుతూ,
రజిత