గేటు ఊచల్లోంచి వైద్యం

పోర్ట్ బ్లెయిర్,
16 సెప్టెంబరు 2025, మంగళవారం.

ప్రియమైన చెల్లి ఎలీనాకి,

యేసయ్య పేరట అక్క వెరోనికా చెప్పుకునే వందనాలు. హట్ బేలో నువ్వూ, పిన్నీ, నీ నర్సరీ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ వాన తెరిపివ్వడం లేదు. మీ వైపు వచ్చే ఓడ మళ్ళీ రద్దయిందని విన్నాను. ఇది నీ చేతికి ఎప్పుడు అందుతుందో తెలియదు. మాకు చేపలు తెచ్చే కాళమ్మ తమ్ముడు లక్ష్ముడు ఆ ఓడలోనే పనిచేస్తాడు, అతని చేత పంపుతున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని ఆశ్చర్యపోకు. నా ఫోను నా దగ్గర లేదు. నీ నంబరు నాకు నోటికి రాదు. ఎప్పుడూ నీ పేరు నొక్కడమే గానీ అంకెలు ఎవరు చూశారు? చేసినా నువ్వు ఎత్తేదానివి కాదనుకో. నీ కోపం నాకు తెలుసు. అయినా నాన్న మనిద్దరినీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని బైబిలు మీద వేలు పెట్టి తెలుగు నేర్పినందుకు ఇప్పుడు ఆయనకి దండం పెట్టుకున్నాను. మీ బావ ఫ్రెడ్డీ తెలుగు మాట్లాడతాడే గానీ ఒక్క ముక్క చదవలేడు. ఇది పొరపాటున ఆయన చేతిలో పడినా భయం లేదు.

నీకు చెప్పాలనుకున్నది మా కుక్కపిల్లల సంగతి.

మా షాదీపూర్ ఇంట్లో రోజీ ఉంది కదా, మీ బావ అమ్మకానికి పిల్లల్ని పెట్టించే లాబ్రడార్. అది ఈసారి అయిదు పిల్లల్ని పెట్టింది. పాలు మానే వయసు వచ్చేసరికి ఇల్లంతా వాటిదే. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగేవి, చీపురు పట్టుకుంటే దాని మీద దూకేవి. వాటిలో లేత పసుపుగా, మెత్తగా ఉండే ఆడపిల్లకి జున్ను అని పేరు పెట్టాను. అన్నింటికన్నా బలంగా ఉండే మగపిల్లని పెద్దోడా అని పిలిచేదాన్ని. టీకాల వయసు వచ్చింది, వేయిద్దామని మీ బావని అడిగాను. కొనుక్కున్నవాళ్ళు వేయించుకుంటారులే అన్నాడు.

ఒక ఉదయం గిన్నె పెడితే ఒక పిల్ల రాలేదు. మూలన వీపు విల్లులా వంచుకుని కూర్చుంది. ఆడుకుని అలిసిందేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి తెల్లటి నురగ కక్కింది. మర్నాటికి ఇంకోటి దానికి తోడైంది. మీ బావ చూసి, "అరె, కుచ్ నహీ, కడుపులో పురుగులు," అని షాపు నుంచి పురుగుల మందు తెచ్చి పోశాడు. అదీ కక్కేశాయి. ఆ సాయంత్రం విరోచనాలు మొదలయ్యాయి. ఎలీనా, ఆ వాసన నేను మర్చిపోలేను. తుప్పు పట్టిన ఇనుమూ, కుళ్ళిన మాంసమూ కలిపినట్టు ఉంటుంది. నీళ్ళలా, ఎర్రగా. పురుగులున్నా కక్కుతాయి, విరోచనాలూ అవుతాయి. కానీ ఇంత తొందరగా ఇలా వాడిపోవు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు గులాబీరంగు పోయి సున్నం కొట్టినట్టున్నాయి. మెడ మీద చర్మం పట్టుకుని వదిలితే వెనక్కి వెళ్ళకుండా అలాగే ముడతగా నిలబడిపోయింది. ఒంట్లో నీళ్ళన్నీ పోయాయన్నమాట. చిన్నప్పుడు మనకి వాంతులూ విరోచనాలూ అయినప్పుడు అమ్మ మన పొట్ట మీద చర్మం అలాగే పట్టి చూసేది, నీకు గుర్తుందా?

డాక్టర్ని పిలుద్దామన్నాను. మీ బావ ఒప్పుకోలేదు. "డాక్టరు వస్తే వీధంతా చూస్తుంది. ఈ బాత్... ఈ మాట బయటికి పోతే మన పిల్లల్ని ఎవడు కొంటాడు?" అన్నాడు. నేను ఎవరికైనా చెప్పేస్తానని నా ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. రోగం బయటికి పాకకూడదంటూ పొద్దున్న డ్యూటీకి వెళ్తూ గేటుకి తాళం వేశాడు. ఆయన టూరిస్టు బోట్ల టికెట్ల ఆఫీసులో పని కదా, వెళ్తే మళ్ళీ సాయంత్రమే.

ఆ తాళం లోపల నేనూ, రోజీ, పిల్లలూ. కిటికీలు తెరిస్తే జల్లు, మూస్తే వాసన. మొదట పడిన రెండు పిల్లలూ వెంటవెంటనే పోయాయి. మీ బావ వెనక కొబ్బరిచెట్టు దగ్గర గొయ్యి తీశాడు. రోజీ ఆ మట్టి దగ్గర కూర్చుని లేవలేదు. నేను గొలుసు పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చాను. అప్పటికి జున్ను కూడా గిన్నె దగ్గరికి రావడం మానేసింది. ఇంకో పిల్ల తల ఎత్తడం లేదు. పెద్దోడు ఒక్కడే గంతులేస్తున్నాడు.

కాళమ్మ బుట్టతో గేటు ముందు నిలబడి పిలిచింది. నేను వెళ్ళి ఊచలు పట్టుకున్నాను. ఆమె నన్ను చూసి చేపల మాటే ఎత్తలేదు.

"ఏటమ్మా, అలగైపోనావు? ఈ తాలమేటి?" అంది.

కుక్కపిల్లల రోగమని, డాక్టరు కావాలని, నా దగ్గర ఫోను లేదని చెప్పాను. ఆమె, "నానెల్తాను. జంతువుల ఆస్పత్రి నాకు తెలుసును. నువ్వేటీ బెంగెట్టుకోకు," అని బుట్ట నెత్తికెత్తుకుని వానలోనే వెళ్ళిపోయింది.

డాక్టరు తిరుమలరావుగారని, విజయనగరం వైపు నుంచి బదిలీ మీద వచ్చినాయన. స్కూటరు దిగి, "తాళం తీయండమ్మా," అన్నారు. చెవి ఆయన దగ్గరుంది సార్ అన్నాను. ఆయన గేటు వైపూ, నా వైపూ చూశారు. తర్వాత రెయిన్‌కోటు పరుచుకుని గేటు ముందు నేల మీద కూర్చున్నారు.

వైద్యమంతా ఊచల్లోంచే జరిగింది. నేను లోపల కూర్చుని జున్నుని ఊచలకి ఆనించి పట్టుకున్నాను. ఆయన చెయ్యి లోపలికి పెట్టి జ్వరం చూశారు, పొట్ట నొక్కి చూశారు, దూది పుల్లతో విరోచనం తీసి చిన్న ప్లాస్టిక్ బిళ్ళ మీద పరీక్ష చేశారు. దాని మీద రెండు గీతలు వచ్చాయి. "పార్వో," అన్నారు. పేగుల లోపలి పొరని తినేసే వైరస్ అట. ఆ వైరస్‌ని చంపే మందంటూ లేదు. పిల్ల ఒంట్లో నీళ్ళు నిలిపితే, అదే పోరాడి గెలుస్తుందట. వాంతులు ఆగడానికి ఒక సూది, చితికిన పేగుల్లోంచి వేరే క్రిములు రక్తంలోకి పోకుండా ఇంకో సూది వేశారు. భుజాల మధ్య చర్మం కింద సెలైన్ ఎక్కించడం నాకు చూపించారు. చర్మం గుడారంలా ఎత్తి, సూది పక్కగా గుచ్చాలి. మొదటిసారి గుచ్చబోయి ఆగిపోయాను. "మీ చెయ్యి బాగుందమ్మా, కానివ్వండి," అన్నారు.

వాంతులు ఆగేదాకా నోట్లో ఏమీ పోయొద్దన్నారు. నేను జాలిపడి పాలు పట్టబోయానని చెప్తే, "అదే చాలామంది చేసే పని. పాలు ఇప్పుడు విషం," అన్నారు. వాంతులు తగ్గాక చెంచాతో ఓఆర్ఎస్, అదీ నిలిస్తే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం. నేలంతా బ్లీచింగు నీళ్ళతో కడగాలట, మామూలు ఫినాయిలుకి ఇది చావదట. మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది గనక ఆ పెరట్లోకి టీకాలు పడని పిల్లని అడుగు పెట్టనివ్వకూడదట.

తల ఎత్తలేని పిల్లని ఆస్పత్రిలో పెట్టుకుంటానన్నారు. నేను దాన్ని పాత తువ్వాల్లో చుట్టి గేటు కింద ఖాళీలోంచి జరిపాను. అవతలి వైపు ఆయన అందుకున్నారు. నేను కడ్డీల మధ్య చేయి పెట్టి దాని తల నిమిరాను.

వెళ్ళే ముందు అడిగారు. "రోగం కుక్కపిల్లలకి కదమ్మా, మిమ్మల్నెందుకు లోపల పెట్టారు?"

బయటికి అంటుకోకూడదని, సార్ అన్నాను.

"చెప్పులు బ్లీచింగులో ముంచి, చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుంటే మీరు ఎక్కడికైనా వెళ్ళచ్చు," అన్నారు. పెద్దోడి గురించి కూడా ఒక మాట చెప్పారు: "ఇది హుషారుగా ఉందని నమ్మకండి. రోగం లోపల చేరాక వారం దాకా బయటపడకపోవచ్చు. దీన్ని ఎవరికీ ఇవ్వకండి."

ఆ తర్వాత రోజూ ఆయనో, కాంపౌండరో వచ్చి గేటు దగ్గర సూదులు వేసి వెళ్ళేవారు. నేను సెలైన్ సీసా కిటికీ చువ్వకి తగిలించి జున్నుని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆస్పత్రిలో ఉన్న పిల్ల పోయిందని కాళమ్మ వచ్చి చెప్పింది. ఆ రోజు నేను జున్నుని పేరు పెట్టి పదే పదే పిలిచాను, వినపడుతుందో లేదో తెలియకపోయినా.

సీసా దాచడం ఒక రోజు మర్చిపోయాను. మీ బావ ఇంటికొచ్చి దాన్ని చూశాడు. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు, నీకు తెలుసు కదా. చర్చిలో కీబోర్డు వాయించేటప్పుడు ఎంత నెమ్మదో ఇంట్లోనూ అంతే. "ఎవరొచ్చారు?" అన్నాడు. చెప్పాను. "మంచిది," అన్నాడు. మర్నాడు గేటు కింద ఖాళీకి చెక్కముక్క బిగించాడు. ఆదివారం ఆరాధన అయ్యాక డాలీగంజ్ నుంచి పుష్పవతి ఆంటీ పెద్దోడిని తీసుకెళ్ళడానికి వస్తుందని అప్పుడే చెప్పాడు.

పుష్పవతి ఆంటీ మన సంఘంలో స్త్రీల కూడికలు నడిపే ఆవిడ. వాళ్ళింట్లో మనవరాలికి ఇదివరకే ఒక బుల్లి కుక్కపిల్ల ఉంది, దానికి తోడుగా ఇంకోటి కావాలట. శనివారమంతా నాకు అన్నం దిగలేదు. ఆ బుల్లి కుక్కపిల్లకి పాలగిన్నె పెట్టే మనవరాలే కళ్ళ ముందు మెదిలింది.

ఆదివారం ఆవిడ ఆటోలో వచ్చింది. మీ బావ గేటు తీసి, నవ్వుతూ కాఫీ పెట్టమన్నాడు. పెద్దోడు వెళ్ళి ఆవిడ పాదాలు నాకాడు. ఆవిడ వాడిని ఎత్తుకోబోతుంటే నేను వంటింటి గుమ్మంలోంచి అన్నాను: "ఎత్తుకోకండి ఆంటీ. ఈ ఇంట్లో పార్వో ఉంది. మూడు పిల్లలు చచ్చిపోయాయి. వీడిలోనూ ఉండచ్చు. మీ ఇంట్లో పిల్ల బతకదు."

గొంతు నాదేనా అనిపించింది. మీ బావ నవ్వు చెదరలేదు. "మా ఆవిడకి వహమ్, లేనిపోని అనుమానాలు ఎక్కువ ఆంటీ, ఇంట్లో ఒక్కతే ఉంటుంది కదా," అన్నాడు.

ఆంటీ ఆయన మొహం చూడలేదు, నా వెనక కిటికీకి వేలాడుతున్న సీసా చూసింది. దాని కింద బుట్టలో ఉన్న జున్నుని చూసింది. పెద్దోడి మీది నుంచి చేతులు తీసేసి, "సబ్బు ఎక్కడుందమ్మా?" అని అడిగింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. చీర కొంగుతో తుడుచుకుంటూ, "ఫ్రెడ్డీ, ఇంకో కుక్కపిల్ల ఉన్న ఇంటికి తెలిసి తెలిసి ఇది ఇవ్వబోయావా?" అంది. మీ బావ ఏదో హిందీలో మొదలుపెట్టాడు. ఆవిడ విననట్టే గుమ్మం దిగింది. ఆటో స్టార్టయింది. గేటు మూసుకుంది.

అదీ సంగతి. జున్ను నిన్న ఉదయం రెండు చెంచాల ఓఆర్ఎస్ తాగి కక్కకుండా నిలబెట్టుకుంది. ఈ రోజు కోడిమాంసం తునకని వాసన చూసి, నా మొహంలోకి చూసి, తినేసింది. పెద్దోడికి డాక్టరుగారు అన్నట్టే నిన్న జ్వరం మొదలైంది. కానీ మొదటి రోజే సెలైన్ పడింది గనక ఆశ ఉందంటున్నారు. వాటి కోసం ప్రార్థన చెయ్యి. కుక్కపిల్లల కోసం ప్రార్థనేంటని నవ్వకు.

పిన్నికి నా నమస్కారాలు చెప్పు. నీ ఆరోగ్యం జాగ్రత్త. నేను బాగానే ఉన్నాను.

ప్రేమతో
నీ అక్క,
వెరోనికా.

తా.క. పైన ఒక మాట చెప్పకుండా దాటేశాను. ఆదివారం ఆ గేటు మూసుకున్నప్పుడు నేను ఆటోలో ఉన్నాను. గుమ్మం దిగిన పుష్పవతి ఆంటీ వెనక్కి తిరిగి, "నువ్వూ వస్తావా అమ్మాయ్?" అని అడిగింది, అంతే. జున్నునీ, పెద్దోడినీ ఒక అట్టపెట్టెలో పెట్టుకుని నడిచి బయటికొచ్చాను. మీ బావ ఆవిడ ఎదుట నా చెయ్యి పట్టుకోలేకపోయాడు. రోజీని తెచ్చుకోలేకపోయాను, అది గొలుసుతో ఉంది. పిల్లలు రెండూ ఆస్పత్రిలో ఉన్నాయి, రోజూ వెళ్ళి చూసొస్తున్నాను. నేను జంగ్లీఘాట్‌లో కాళమ్మ ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇంకొకటి. ఆ తాళం కుక్కపిల్లల రోగంతో మొదలు కాలేదు చెల్లీ. పెళ్ళయిన మొదటి నెల నుంచీ ఉంది. నాన్న పోయాక హట్ బేలో పెట్టిన జ్ఞాపక కూటానికి నేను రాకపోవడానికి కారణం నడుం నొప్పి కాదు. తెల్లచీర కట్టుకుని, సంచీ సర్దుకుని, ఓడ వెళ్ళిపోయేదాకా గేటు లోపల నిలబడ్డాను. ఆ రోజు నీకు ఫోన్లో నడుం నొప్పి అని చెప్పినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు.

ఈ ఉత్తరం తెచ్చిన ఓడ మళ్ళీ ఇక్కడి నుంచి కదిలిన రోజున వస్తాను. పిల్లల్ని తీసుకురాను, కోలుకున్నా ఇంకొన్ని వారాలు వాటి నుంచి రోగం అంటుతుందట, మీ వీధిలో కుక్కలున్నాయి. నేను ఒక్కదాన్నే వస్తాను. జెట్టీ దగ్గర ఉండు.