మేనల్లుడు అడిగిన జలపాతం

మన ఫిజీ రాజధాని సువాలో పర్యాటకుల కంపెనీ పెట్టి దొరవైపోయిన మేనల్లుడు ఇలైతియాకు,

నీ కంపెనీ ప్రచారానికి వేసిన రంగుల కాగితం అందింది. మా అమ్మ సమాధి ఫోటో కింద ‘ప్రాచీన సంస్కృతికి ఆనవాలు’ అని వేశావు. ఆవిడ పోయి ఆరేళ్లే అయింది. చిన్నప్పుడు నీ ముక్కు తుడిచింది ఆవిడే.

ఇంటి ఆడపడుచు కొడుకు మేనమామను నోరు తెరిచి అడిగితే లేదనే ఆచారం మన ఊళ్లో లేదు. ఇంతకు ముందు మేనల్లుళ్లు పందినో, పడవనో, చాపనో అడిగేవాళ్లు. నువ్వు మాత్రం మర్యాదకైనా పెద్దల ముందు పెట్టే యంగోనా వేరు తేకుండా, నెత్తిమీది టోపీ తియ్యకుండా, నా గుమ్మంలో నిలబడి, “మామా, ఆ జలపాతం నాకిచ్చెయ్” అన్నావు. ఇచ్చాం.

మర్నాడే అక్కడ చెక్కలతో గేటూ గదీ లేపి, ‘గ్రామస్థులకు ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టావు. పెళ్లై వచ్చినప్పటి నుంచి అక్కడే స్నానం చేసే మీ అత్త సబ్బుపెట్టె పట్టుకుని వెనక్కి వచ్చింది. “నేను నీళ్లలో దిగితే మీవాడి జలపాతం అందాలు పాడైపోతాయట” అంది.

అయితే మా అక్కచెల్లెళ్లలో కొడుకున్నది మీ అమ్మకొక్కదానికే కాదు. నిన్న మీ పెద్దమ్మ కొడుకు కెలెపి వచ్చాడు. టోపీ తీసి, యంగోనా వేరు నా ముందు పెట్టి, “మామా, నా పందులకు దొడ్డి లేదు. ఆ గేటూ గదీ ఇప్పించు” అన్నాడు. వాడూ మేనల్లుడే కదా, “పట్టుకుపోరా” అన్నాను. పొద్దుగూకేలోపు చెక్కలన్నీ పీకి మోసుకెళ్లి దొడ్డి కట్టేశాడు.

నీ బోర్డును కూడా వాడు పారెయ్యలేదు, దొడ్డి గుమ్మానికి కొట్టాడు. ఇప్పుడు ఊరంతా దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. రేపటి బస్సులో వచ్చే నీ అతిథులు గ్రామస్థులు కారు గనక, వాళ్లను లోపలికి తోలడానికి మాకే అభ్యంతరమూ లేదు.

కాదనడం చేతకాని,
నీ మేనమామ