ఆరు అంకెలు, పది నిమిషాలు

ఫాగాలువా గ్రామం, సవాయీ దీవి, సమోవా
మే 4

కంటి శిబిరం యాప్ సహాయ విభాగం, ఆక్లాండు వారికి,

ప్రభువు కృప మీకు తోడుగా ఉండాలి.

సహాయం కావలసినవారు ముందు లాగిన్ కావాలని మీ యాప్‌లో రాసి ఉంది. లాగిన్ కాలేకపోవడమే నా కష్టం కనుక ఉత్తరం రాస్తున్నాను.

మా తమ్ముడు ఇయోసేఫో చేపలు పట్టి బతుకుతాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. పోయిన నెల వల విసిరితే పాస్టరుగారి పంది పడింది. పంది ఒడ్డున ఉంది. ఆగస్టులో కంటి వైద్యుల ఓడ వస్తుందని నర్సు అతని పేరు మీ యాప్‌లో ఎక్కించి, మా ఇంటి ఫోను నంబరు ఇచ్చింది. జులై పదిహేనులోగా లాగిన్ అయి ‘వస్తాను’ అని నొక్కకపోతే ఆపరేషను ఇంకొకరికి పోతుందట.

నొక్కనివ్వడానికి ముందు ఆరంకెలు పంపుతామన్నారు. మా ఊళ్ళో సిగ్నల్ చర్చి ప్రహరీ తూర్పు మూల మీద తప్ప ఎక్కడా అందదు. ఫోను గోడ మీద పెట్టి మధ్యాహ్నం నుంచి కూర్చున్నాను. మీ అంకెలు సాయంత్రం శంఖం ఊదాక వచ్చాయి. శంఖం ఊదితే ఊరంతా ఇళ్ళలో ప్రార్థనకు కూర్చోవాలి. అయ్యేదాకా రోడ్డు మీద అడుగు పెట్టకూడదు. పక్కనే పాస్టరుగారింట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఫోను మోగడం విన్నాను. ప్రార్థన అయ్యాక వెళితే గడువు తీరిందన్నారు.

దయచేసి ప్రార్థన వేళ తప్పించి పంపగలరు.

ప్రార్థనలో మీ,
ఫువాతినో
(ఇంటికి పెద్దదాన్ని)

తా.క. ‘వాళ్ళకీ ఇక్కణ్ణించి శంఖం ఊదు పెద్దక్కా, ఉత్తరం కంటే ముందు చేరుతుంది’ అంటోంది చెల్లెలు లుపే. దాని మాట పట్టించుకోకండి.

---

ఆక్లాండు
మే 18

గౌరవనీయులైన ఫువాతినో గారికి,

తమ లేఖ అందినది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఫోనును ఒకసారి ఆపి తిరిగి ఆన్ చేయవలెను. మెసేజీలు నిండి ఉన్నచో ఖాళీ చేయవలెను. నంబరు తమ సొంతమై ఉండవలెను. ఓటీపీ వచ్చిన పది నిమిషాలలో నమోదు చేయవలెను. దానిని ఎవరికీ, కుటుంబ సభ్యులకు సైతం, చెప్పరాదు.

పనిదినాల్లో రద్దీ వల్ల మెసేజీలు ఆలస్యమగుచున్నవి. ఆదివారం ఉదయం ప్రయత్నించిన సులభము.

ఇట్లు,
క్రెయిగ్ హోబ్డే, సహాయ విభాగం

తా.క. శీఘ్ర సహాయానికి యాప్ లోపలి చాట్ వాడగలరు.

---

ఫాగాలువా
జూన్ 1

క్రెయిగ్ హోబ్డే గారికి,

ప్రభువు మీ చేతిపనిని ఆశీర్వదించాలి.

ఫోను ఆపి మళ్ళీ వేశాను. నంబరు సొంతమేనా అని అడిగారు. ఈ ఇంట్లో పదకొండు మందిమి. నా చెప్పులే ఈ రోజు మా పిన్నికూతురి కాళ్ళకు ఉన్నాయి. ఫోనుదీ అంతే.

మీరు చెప్పినట్టే ఆదివారం ఉదయం ప్రయత్నించాను. అంకెలు పావుగంటలోనే వచ్చాయి. అప్పటికి ఆరాధన మొదలైంది.

మా పాటల పెద్ద జబ్బుపడి రాజధానిలో కూతురింట ఉన్నాడు. ఏ కీర్తనలు పాడాలో ఆ నంబర్లు ప్రతి ఆదివారం ఈ ఫోనుకే పంపుతాడు. గోడ మీద ఫోను మోగగానే సంఘపెద్ద వెళ్ళి చూసి వచ్చి, పలక మీద 117 అనీ, దాని కింద 264 అనీ రాశాడు.

ముందు వరసలోనే ఉన్నాను. ‘అవి మన అంకెలే’ అని లుపే చెవిలో అన్నాను.

‘అయితే లేచి చెప్పు.’

‘ఎవరికీ చెప్పొద్దని రాశారు.’

‘ఊరంతటికీ కనబడుతుంటే ఇంకా దాచేదేముంది పెద్దక్కా?’

మీరు రాసిన మాట మాటే కనుక కూర్చున్నాను. రెండు కీర్తనలకూ కలిపి పదమూడు చరణాలు. మేం చరణాలు వదలం.

ప్రార్థనలో మీ,
ఫువాతినో

తా.క. 264 సమాధి దగ్గర పాడేది. ఆ రోజు పసిబిడ్డకు బాప్తిస్మం. ఇకమీదట కాస్త చూసి పంపండి.

---

ఆక్లాండు
జూన్ 14

గౌరవనీయులైన ఫువాతినో గారికి,

తమ ఓటీపీ బహిరంగంగా ప్రదర్శించబడి, ఆపై గానం చేయబడినట్లు తమ లేఖ వలన తెలిసి ఆందోళన చెందుచున్నాము. భద్రత దృష్ట్యా ఖాతా మూయబడినది. తిరిగి తెరచుటకు తల్లి పూర్తి పేరు, పెంచిన మొదటి జంతువు పేరు, పుట్టిన వీధి పేరు తెలుపవలెను. ఓటీపీ తెలిసిన వారందరి జాబితా జతపరచవలెను.

మూసిన ఖాతాలకు కొత్త ఓటీపీలు ప్రతిదినం సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్య మాత్రమే పంపబడును.

ఇట్లు,
క్రెయిగ్ హోబ్డే

తా.క. జాబితాలో ఇద్దరు ముగ్గురి కంటే ఎక్కువ ఉండరని ఆశిస్తున్నాము.

---

ఫాగాలువా
జూన్ 26

క్రెయిగ్ హోబ్డే గారికి,

ప్రభువు మీకు ఓర్పునివ్వాలి. నాకూ ఇవ్వాలి.

అమ్మ పేరు అడిగారు. అమ్మ పేరంటే వాళ్ళమ్మదీ చెప్పాలి, వాళ్ళ ఊరిదీ చెప్పాలి. తొమ్మిది తరాలు రెండు కాగితాల్లో రాసి జతచేశాను. పెంచిన మొదటిది పంది. పేరు పెడితే తర్వాత తినలేం కనుక పెట్టలేదు. ఇక వీధి. ఈ దీవికి రోడ్డు ఒకటే. చుట్టూ తిరిగి మళ్ళీ మా ఇంటికే వస్తుంది. దానికి పేరు అవసరం పడలేదు.

అంకెలు తెలిసినవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. పేర్లు ఇందులో ఉన్నాయి. ఆ సమయానికి చర్చి ముందు బస్సు ఒకటి ఆగి ఉంది. డ్రైవరును అడిగి మిగతావాళ్ళవి రాస్తాను.

ఇంకొక సంగతి. వారం రోజులుగా శంఖం ఊదగానే మీ మెసేజి మోగుతోంది. శనివారం గ్రామసభ కూర్చుంది. ప్రార్థనకు భంగం కలిగించినందుకు మీ కార్యాలయానికి ఒక పెద్ద పంది, ఒక పెట్టె డబ్బా చేపలు జరిమానా వేశారు. మీరు కొత్తవాళ్ళని నేను చెప్పాను. అందుకే ఒక్క పందితో వదిలారు.

మొన్న తమ్ముడి పడవ రాతిదిబ్బకు తగిలింది. చెవులతో విని నడుపుతున్నాడు. ఇంట్లో ఉండమంటే, ‘నా సంగతి సరే అక్కా, ఆ గోడనే చూసి చూసి నీ కళ్ళు పోయేలా ఉన్నాయి’ అంటాడు. ఇంకొకసారి తగిలితే పడవ ఉండదు, తమ్ముడూ ఉండడు. జులై పదిహేను దగ్గర పడుతోంది. ‘వస్తాను’ అన్న బొత్తాం మీరే నొక్కండి. అతను వస్తాడు.

ప్రార్థనలో మీ,
ఫువాతినో

తా.క. పంది కాల్చింది కాదు, ప్రాణంతో ఉన్నది కావాలి.

---

ఆక్లాండు
జులై 17

గౌరవనీయులైన ఫువాతినో గారికి,

తమ జవాబులు పరిశీలించబడినవి. తల్లి పేరు ఇరవై అక్షరాలకు మించరాదు. జంతువు పేరు ఖాళీగా ఉండరాదు. బొత్తాము ఖాతాదారు తప్ప ఇతరులు నొక్కరాదు.

ఈలోగా గడువు ముగిసినందున తమ తమ్ముని పేరు తొలగించబడినది. అభ్యంతరం ఉన్నచో లాగిన్ అయి తెలుపగలరు.

ఇట్లు,
క్రెయిగ్ హోబ్డే

తా.క. జరిమానా పత్రం న్యాయ విభాగానికి పంపాము. పంది ఎంత బరువుండవలెనని వారు అడుగుచున్నారు.

---

ఫాగాలువా
జులై 28

క్రెయిగ్ హోబ్డే గారికి,

మీ ఉత్తరం అందింది. తమ్ముడికి చదివి వినిపించాను. ‘మంచి కాగితం, ముట్టుకుంటే తెలుస్తోంది’ అన్నాడు.

మీ కోసం ప్రార్థిస్తున్నాం.

ఫువాతినో

---

ఆక్లాండు
ఆగస్టు 24

గౌరవనీయులైన ఫువాతినో గారికి,

అత్యవసరం. తమ దీవిలో జరిగిన కంటి శిబిరానికి సంబంధించి మా యాప్‌లో ఒక్క ఆపరేషను కూడా నమోదు కాలేదు. కానీ ముప్పై నాలుగు జరిగినట్లు వైద్యురాలు నివేదిక ఇచ్చారు. రోగులను ఎలా గుర్తించారన్న చోట ‘ఫువాతినో గారి జాబితా ప్రకారం’ అని మాత్రమే ఉన్నది. ఆ జాబితా ఏది? ఏ కంపెనీ వారు తయారు చేసినది? అనుమతి ఎవరిచ్చారు? దాని ప్రతిని, పాస్‌వర్డును వెంటనే పంపగలరు.

ఇట్లు,
క్రెయిగ్ హోబ్డే

తా.క. ఈసారి మీ జవాబు మా పై అధికారి చదువుతారు. పంది ప్రస్తావన లేకుండా రాయగలరు.

---

ఫాగాలువా
సెప్టెంబరు 5

క్రెయిగ్ హోబ్డే గారికి, వారి పై అధికారి గారికి,

ప్రభువు కృప మీ ఇద్దరికీ ఉండాలి.

ఓడ వచ్చిన రోజు తమ్ముణ్ణి తీసుకుని రేవుకు వెళ్ళాను. పేరు తీసేశారని తెలిసే వెళ్ళాను. చుట్టుపక్కల ఆరు ఊళ్ళవాళ్ళు షెడ్డు కింద చాపల మీద కూర్చుని ఉన్నారు. ఎవరినీ పిలవడం లేదు. డాక్టరమ్మ కంప్యూటరు ముందు కదలకుండా కూర్చుంది. ఆ కూర్చోవడం చూడగానే నాకు అర్థమైంది. మీ యాప్ ఆమెను కూడా ఆరంకెలు అడిగింది. ఆ అంకెలు వెళ్ళే ఫోను ఆక్లాండులో వాళ్ళింటి వంటగదిలో ఉండిపోయిందట.

మధ్యాహ్నం అయింది. ఆమె తలెత్తి, ‘ఇక్కడ ఎవరికి చూపు లేదో ఎవరికైనా తెలుసా?’ అని అడిగింది.

‘చూపున్న వాళ్ళందరికీ తెలుసు డాక్టరమ్మా’ అంది లుపే. దాన్ని మందలించి, సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఇచ్చాను.

ఆరు ఊళ్ళ స్త్రీల ప్రార్థన కూటం పుస్తకం అది. ఎవరికి ఏ జబ్బు, ఏ కన్ను, ఎప్పటి నుంచి అన్నీ ఉంటాయి. ప్రార్థించేటప్పుడు వివరం ఉండాలి కదా. ఎక్కువ కష్టంలో ఉన్నవారి పేరు ముందు వస్తుంది. ఆమె ఆ వరస ప్రకారమే పిలిచింది. ఎవరూ వీధి పేరు చెప్పలేదు.

ఇయోసేఫోది పదకొండో పేరు. తమ్ముడని పైకి జరపలేదు. రెండో రోజు చేశారు. మూడో రోజు కట్టు విప్పాక నన్ను చాలాసేపు చూసి, ‘అక్కా, ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావు?’ అన్నాడు. దేవునికి స్తోత్రం చెప్పి, పుస్తకంలో అతని పేరు కొట్టేశాను.

జాబితా ప్రతి అడిగారు. ఉన్నది ఒక్కటే, పంపలేను. అనుమతి ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. పాస్‌వర్డు లేదు. ప్రతి ఆదివారం పది గంటలకు చర్చిలో పైకి చదువుతాం. ఎవరైనా వచ్చి వినవచ్చు. తెల్లబట్టలు కట్టుకుని రండి. భోజనం మా ఇంట్లో.

ప్రార్థనలో మీ,
ఫువాతినో

తా.క. వస్తే మీ పేరు కూడా వింటారు. ‘క్రెయిగ్ హోబ్డే, ఆక్లాండు, రెండు కళ్ళూ, మే నుంచి’ అని రాశాను. పై అధికారి గారి పేరు తెలియదు కనుక కింద ఒక వరస ఖాళీ వదిలాను.